చేతుల్లేని జాకెట్టు

గోపాలపట్నం రైలుగేటు దగ్గర
రేకుల కప్పు కింద నా మిషను.
ఎదురుగోడకి టీవీ, నిరుడు చీటీ పాడి కొన్నది.
ఏడున్నరకి సీరియల్ మొదలైతే
కాలు తొక్కుతూనే ఉంటుంది
కళ్ళు మాత్రం అక్కడ.

తెరమీద పల్లెటూరి పిల్ల
తెల్లారకుండానే లేస్తుంది.
కల్లాపి చల్లినా చీర కుచ్చిళ్ళు తడవవు
పొయ్యి ఊదినా కాటుక చెదరదు.
మోచేతి దాకా జాకెట్టు, గుమ్మం దాకా మాట.
ఎవరు కొట్టినా తప్పు తనదే అంటుంది.

పట్నం ఆవిడ మేడమెట్లు దిగుతుంది
ఇంట్లోనూ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని.
జాకెట్టుకి చేతులుండవు, మనసుకి జాలుండదు.
పాలలో ఏదో కలిపి తనలో తాను నవ్వుతుంది.
ఆ నవ్వు మీద మూడుసార్లు పిడుగు పడుతుంది
ఆవిడకేం కాదు.

ముప్ఫై ఏళ్ళుగా కుడుతున్నాను
ఎన్ని వీపులు కొలిచానో
ఏ వీపు మీదా ఊరిపేరు రాసి లేదు.

నిన్న కొత్తవలస పాసింజరు దిగి
ఖాళీ గంప నా గుమ్మంలో దించింది నూకరత్నం.
ఖాళీ అంటే, అడుగున నాలుగు పుచ్చు వంకాయలు
వాటి కింద కవర్లో మీటరు గుడ్డ, నేరేడు రంగు.
చెంగుతో మెడ తుడుచుకుంటూ టీవీకేసి చూసి
"అదుగో, ఆ సెడ్డదాని జాకెట్టు నాంటిదే
నాకూ కుట్టీయే" అంది.

కత్తెర కింద పెట్టాను.
"ఏటే, చేతుల్లేకుండానా?"

"గంప ఎత్తీ ఎత్తీ సంకలు సిరిగిపోతన్నాయి.
నెలకో జాకెట్టు ఎక్కడ తెచ్చీది?
సెయ్యే నేకపోతే సిరగడానికేటుంటాది?
ఆవిడకి తెలివుంది, నాకే నేదు."

మొన్న హైమావతి వచ్చింది.
ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడుపుతుంది
కింద మనుషులు చీమల్లా కనబడే ఎత్తులో కూర్చుని
ఎర్రగా కాలిన ఇనుము అటు నుంచి ఇటు పెడుతుంది.
స్కూటీ ఆపి, హెల్మెట్ తీయకుండానే చెప్పింది
"మోచేతి కిందదాకా పెట్టండి సన్యాసమ్మగారూ."
భక్తి కాదు, అణకువా కాదు.
చేతి మీద నిప్పురవ్వ పడిన మచ్చ ఉంది
పెళ్ళికెళ్ళిన ప్రతిచోటా
దాని కథ చెప్పే ఓపిక లేదట.

రాత్రి అన్నం తింటూ అనుకున్నాను
ఆ తెరమీద నేనెవరినని.
పుట్టింది శృంగవరపుకోట పక్కన
రేషను కార్డు ఇక్కడ.
బొగ్గు వ్యాగన్లు వెళ్ళాక
ఆరేసిన లంగాలు మళ్ళీ ఉతుకుతాను.
చీకటితోనే లేస్తాను
కుళాయి ఆ టైముకే వస్తుంది గనక.
ముగ్గూ వేస్తాను. పాలలోనూ కలుపుతాను
చుట్టాలు ఎక్కువైతే, నీళ్ళు.
మా అత్తని ఒకేసారి ఎదిరించాను
ఎక్కడా ఉరమలేదు.
ఆవిడ మర్నాడు చారులో ఉప్పు తగ్గిందంది, అంతే.

అదంతా తర్వాత సంగతి.
నిన్న నూకరత్నం చేయెత్తి నిలబడింది.
భుజం మీద కండ రాయిలా ఉంది
టేపు చివర అంకెలు అరిగిపోయాయి
మిగిలింది వేళ్ళతో లెక్కేశాను.
తెరమీద పల్లెటూరి పిల్ల ఏడుపు అందుకుంది
సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.
ఏడుపు ఆగింది
గేటు దాటుతున్న గూడ్సు ఆగలేదు.

ఫోను వెలుగులో అడ్వాన్సు ఇచ్చింది
పదులూ ఇరవైలూ, చెమటకి మెత్తబడినవి.
గంప ఎత్తుకోబోయి ఆగి
"ఇదుగో, హుక్కులు ముందరికెట్టే.
ఆవిడకైతే యెనకాలుంటాయి గానీ
పెట్టీవోళ్ళు మా ఇంట్లో
ఎవుళూ నేరు."

మర్చిపోకుండా
నేరేడు రంగు గుడ్డ మీద
సుద్దముక్కతో రాసుకున్నాను
ముందర.